పుస్తకాల అమ్మకం కాక కథకుడికి ఏ రాబడి మేలు?

పుస్తకాల మీద వచ్చే రాయల్టీతోనే బతకగలిగే కథకులు ఏ భాషలోనైనా కొద్దిమందే. మిగిలినవారు మరో రాబడి చూసుకోక తప్పదు. అలాంటి మార్గాలను పోల్చేటప్పుడు ఏది ఎక్కువ డబ్బు తెస్తుందన్న లెక్కే సాధారణంగా ముందుకు వస్తుంది. దానికన్నా ముందు మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఆ పని కథ రాసే వేళనూ, కథ రాసే శక్తినీ ఎంత తీసుకుంటుంది? పని పూర్తయ్యాక రచయిత చేతిలో ఏదైనా హక్కు మిగులుతుందా? ఈ రెండింటితో తూచి చూస్తే, మొదట్లో లాభసాటిగా కనిపించిన పనులు కొన్ని వెనకబడతాయి.

ముందుగా చూడవలసింది ఇప్పటికే రాసి ఉన్న రచనను. నవలకు అచ్చు హక్కు ఒక్కటే కాదు, ఆడియో, అనువాదం, నాటకం, సినిమా, పత్రికలో ధారావాహికగా వేసుకోవడం, ఇవన్నీ విడివిడిగా అమ్ముకోదగిన హక్కులు. కొత్తగా ఒక్క పేజీ రాయకుండా రాబడి రాగల మార్గం ఇది. అయితే మొదటి పుస్తకం వస్తోందన్న సంబరంలో ‘అన్ని హక్కులూ’ అన్న మాట కింద సంతకం పెట్టేసినవారికి ఈ దారి మూసుకుపోయి ఉంటుంది. వారు ఆ ఒప్పందం గడువు ఎప్పుడు తీరుతుందో, ప్రచురణకర్త వాడుకోని హక్కులు తిరిగి వచ్చే నిబంధన అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఈ హక్కుల్లో ఆడియోకూ సినిమాకూ మధ్య తేడా చాలా ఉంది. ఆడియో రాబడి చిన్నదే కానీ అందేది. ఇంగ్లీషులో గంట ఆడియోకు సుమారు 9,300 పదాలు పడతాయని ఒక లెక్క వాడుకలో ఉంది. అంటే 90,000 పదాల నవల దాదాపు పది గంటల ఆడియో అవుతుంది. చదవడం, తప్పులు దిద్దడం, శబ్దాన్ని శుభ్రం చేయడం కలిపితే ఒక్కో గంటకూ అంతకు అనేక రెట్ల శ్రమ పడుతుంది. ఆ ఖర్చు భరించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. చదివేవారికి గంటల చొప్పున సొమ్ము చెల్లించి హక్కు పూర్తిగా తన దగ్గరే ఉంచుకోవడం ఒకటి, ముందు ఏమీ ఇవ్వకుండా వచ్చే రాయల్టీని వారితో పంచుకోవడం రెండోది. రెండో పద్ధతిలో చేతినుంచి పైసా పోదు, కానీ పుస్తకం కొన్నేళ్ళపాటు ఒకే వేదికకు కట్టుబడిపోవచ్చు. అచ్చులో నిలకడగా అమ్ముడవుతున్న నవల అయితే మొదటిదే మేలు. అమ్మకం ఎలా ఉంటుందో తెలియని పుస్తకానికి రెండోది తక్కువ ప్రమాదం. ఏ పద్ధతిలోనైనా, ఆ పాఠాన్నీ ఆ గొంతునూ కృత్రిమ మేధ (ఏఐ) యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి వాడుకోవచ్చా లేదా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి.

సినిమా సంగతి వేరు. నిర్మాత సాధారణంగా నవలను వెంటనే కొనడు, ఏడాది లేదా ఏడాదిన్నర గడువుకు ‘ఆప్షన్’ తీసుకుంటాడు, అంటే ఆ గడువులోగా దాన్ని కొనే హక్కు తనకొక్కడికే ఉండేలా చేసుకుంటాడు. అప్పుడిచ్చే చిన్న మొత్తాన్ని, సినిమా నిజంగా మొదలైతే, పూర్తి ధరలో మినహాయించుకోవడం మామూలే. ఆప్షన్ తీసుకున్న నవలల్లో అధిక భాగం తెరమీదికి రావు. అయినా గడువు తీరాక హక్కు వెనక్కి వచ్చి మరొకరికి ఇవ్వగలిగేలా ఉంటే ఇది నష్టం లేని వ్యవహారమే. వచ్చినప్పుడు పుచ్చుకోవాలి తప్ప, ఇంటి ఖర్చుల లెక్కలో దీన్ని వేసుకోకూడదు. అనువాద హక్కుల్లో కూడా చేతికొచ్చేది సాధారణంగా కొద్ది మొత్తమే, కానీ అవతలి భాషలో పాఠకులు మిగులుతారు.

చందాల మార్గానికి ఈమధ్య ఆకర్షణ ఎక్కువైంది. 2013లో మొదలైన పేట్రియాన్, 2017లో వచ్చిన సబ్‌స్టాక్ వంటి వేదికలు పాఠకుడి దగ్గర నెలనెలా డబ్బు తీసుకుని, తమ వాటా పట్టుకుని మిగతాది రచయితకు ఇస్తాయి. సబ్‌స్టాక్ వాటా పదో వంతు, చెల్లింపు రుసుములు అదనం. అచ్చు పుస్తకం మీద అందే రాయల్టీతో పోలిస్తే ఇది ఎంతో ఉదారమైన వాటా. ఇందులోని చిక్కులు మరోచోట ఉన్నాయి. నెలకు రెండు కథలు ఇస్తానన్న రచయిత జ్వరం వచ్చినా, కథ కుదరకపోయినా రెండు కథలు ఇవ్వాలి. పైగా చందాదారులకు మాత్రమే పెట్టిన కథను కూడా చాలా పత్రికలు ‘అచ్చయిన’ కథగానే లెక్కిస్తాయి కాబట్టి, ఆ కథకు మొదటి ప్రచురణ హక్కు అక్కడితో ఖర్చయిపోతుంది. వేదిక మూతపడే ప్రమాదం కూడా ఉంది. అమెజాన్ 2021లో ధారావాహికల కోసం తెరిచిన కిండిల్ వెల్లా 2025లో మూతపడింది. చందాదారుల ఈమెయిల్ చిరునామాలను రచయిత తనవెంట తీసుకుపోగలిగిన వేదికనే ఎంచుకోవాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

నెలనెలా బాధ్యత వద్దనుకునేవారికి ఒక్కసారి చందా వసూలు నయం. ఒక పనికి ముందుగానే చందాలు పోగుచేసే వేదిక కిక్‌స్టార్టర్‌లో పెట్టుకున్న లక్ష్యం నెరవేరకపోతే పాఠకుల సొమ్ము అసలు తీసుకోరు, నెరవేరితే వేదిక 5 శాతం పట్టుకుంటుంది. 2022లో అమెరికన్ ఫాంటసీ నవలాకారుడు బ్రాండన్ శాండర్సన్ నాలుగు నవలలకు ఇలా 4 కోట్ల 17 లక్షల డాలర్ల పైచిలుకు సేకరించిన సంగతి తరచూ ఉదాహరణగా వినిపిస్తుంది. అప్పటికే లక్షల మంది పాఠకులున్న రచయిత ఆయన, పైగా ఆ నవలలు ముందే రాసి సిద్ధంగా ఉంచుకున్నాడు. ఇందులో రెండో విషయాన్ని ఎవరైనా అనుసరించవచ్చు, మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. ముద్రణ, బైండింగు, తపాలా ఖర్చులను తక్కువగా అంచనా వేసుకుంటే వసూలైన చందా వాటికే సరిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక శ్రమను అమ్ముకునే పనులు. కథారచన నేర్పడం, ఇతరుల రాతప్రతులు సరిదిద్దడం, పేరు లేకుండా మరొకరికి రాసిపెట్టడం ఈ కోవలోవి. మూడింటిలో రాసిపెట్టడానికే ఒక్కసారిగా ఎక్కువ డబ్బు వస్తుంది, అది కూడా తరచుగా విడతలవారీగా పని నడుస్తుండగానే చేతికందుతుంది. అయినా నా దృష్టిలో కథకుడు చిట్టచివర పట్టవలసిన పని అదే. సొంత నవలకు కావలసిన కల్పనాశక్తినే అది వాడుకుంటుంది, పూర్తయ్యాక హక్కూ మిగలదు, గోప్యత షరతు వల్ల ‘ఇది నేను రాశాను’ అని తరువాతి పనికి చూపించుకోవడానికీ వీలుండదు. ఏదైనా పెద్ద అప్పు తీర్చాల్సి వస్తే ఒకసారి చేయవచ్చు, ఏటేటా చేస్తే మాత్రం సొంత రచన సన్నగిల్లుతుంది.

బోధన దానికన్నా మెరుగు. ఒకసారి తయారుచేసుకున్న పాఠం రెండోసారికి సగం శ్రమతో సరిపోతుంది, పాఠం చెప్పినవారికి కూడా తమ పద్ధతి కొంత తేటపడుతుంది. దాగి ఉన్న బరువంతా దిద్దుబాటులోనే ఉంది. పన్నెండు మంది విద్యార్థులు నాలుగేసి వేల పదాల కథను రెండేసి సార్లు దిద్దించుకుంటే, ఆ రచయిత చదవవలసింది 96,000 పదాలు, అంటే ఒక నవలంత. రుసుము నిర్ణయించేటప్పుడు తరగతి గంటలు మాత్రమే లెక్కేసి, ఈ చదువును ఉచితంగా ఇచ్చేసేవారే ఎక్కువ. దిద్దుబాటుకు విడిగా, పదాల చొప్పున తీసుకోవడమే న్యాయం.

సభలూ బహిరంగ పఠనాలూ పేరు తెస్తాయి, అప్పుడప్పుడూ డబ్బూ తెస్తాయి. 1858 నుంచి డబ్బు తీసుకుని తన రచనలను వేదికల మీద చదివిన చార్లెస్ డికెన్స్ వాటితో బాగా సంపాదించాడు గానీ, ఆ ప్రయాణాలకు ఆరోగ్యం దెబ్బతిని 1870లో కన్నుమూసేనాటికి చేతిలోని నవల సగంలో ఉంది. వీటికి తోడు గ్రంథాలయాల నుంచి వచ్చే రాబడి ఒకటి ఉంది. గ్రంథాలయాల్లో ఉన్న పుస్తకాలకు రచయితకు సొమ్ము చెల్లించే పద్ధతిని డెన్మార్క్ 1946లో మొదటగా మొదలుపెట్టింది. ఇప్పుడది 30కి పైగా దేశాల్లో ఉంది కాబట్టి, అక్కడి రచయితలు పేరు నమోదు చేసుకోకుండా వదిలేయడానికి కారణమే లేదు.

ఒకటో రెండో పుస్తకాలే వచ్చిన రచయితకు దిద్దుబాటు రుసుము విడిగా తీసుకునే చిన్న తరగతులను ముందు సూచిస్తాను, ఎందుకంటే హక్కుల నుంచి గానీ చందాల నుంచి గానీ చెప్పుకోదగ్గ రాబడి రావడానికి తగినంత మంది పాఠకులు అప్పటికి ఉండరు. ఐదారు పుస్తకాలున్నవారు పాత ఒప్పందాలన్నీ బయటికి తీసి, ఏ పుస్తకానికి ఏ హక్కు ఎవరి దగ్గర ఎప్పటివరకు ఉందో ఒక పట్టిక రాసుకుని, ఖాళీగా ఉన్న ఆడియో హక్కులతో మొదలుపెట్టాలి. చందాల సంగతి ఆ తరువాత, కనీసం మూడు నెలలకు సరిపడా కథలు ముందే చేతిలో ఉన్నప్పుడు ఆలోచించవచ్చు.