నిమ్మకొమ్మకు చేతి రంపమే ముందు

పొదలకూరు దగ్గర మాది నిమ్మతోట. కొమ్మలు తీయడానికి బ్యాటరీ రంపం కొనాలా, చేతి రంపం సరిపోతుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు మంచి చేతి రంపం కొనండి. బ్యాటరీది అవసరం పడితేనే. కొన్ని సీజన్లుగా రెండూ వాడుతూ చెప్తున్న మాట ఇది.

నిమ్మలో మనం తీసేవి ఎక్కువగా ఎండుపుల్లలు, నిలువుగా లేచే నీటికొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే సన్నకొమ్మలు. బొటనవేలి లావు దాటేవి తక్కువే, అవీ ముళ్ల మధ్యలో ఉంటాయి. వంపు ఉన్న చేతి రంపం మన వైపు లాగినప్పుడు కోస్తుంది కాబట్టి ఇరుకులోనూ పని జరుగుతుంది. తోలు గ్లౌజు వేసుకున్న ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని నాలుగు లాగులు లాగితే తెగిపోతుంది. బ్యాటరీ రంపంతో అది కుదరదు. చైన్ తిరిగే పట్టీ, అంటే బార్, దాని కొన పక్క కొమ్మకు తగిలిందంటే ఒక్కసారిగా ఎగిరి మన మీదికే వస్తుంది. రెండు చేతులతో పట్టుకోవాల్సిందే. మా తోటలో పనిచేసే పెద్దాయన దాన్ని చూడగానే అడిగాడు: "దీనికి రొండు చేతులూ కావాల. మరి ముళ్లకొమ్మను పట్టుకునేదెవురయ్యా?" పైగా సన్నపుల్లను చైన్ కోసే బదులు ఊపేస్తుంది, పీచు లేపుతుంది.

గజ్జి తెగులున్న తోటలో ఇంకో ఇబ్బంది. తెగులు పాకకుండా చేతి రంపాన్ని చెట్టు చెట్టుకూ స్పిరిట్ గుడ్డతో తుడవచ్చు. చైన్‌లో నూనె, రంపపు పొట్టు ఇరుక్కుని ఉంటాయి, దాన్ని చెట్టుకోసారి శుభ్రం చేయడం అయ్యే పని కాదు. కోత నున్నగా ఉంటే తెగులు సోకకుండా పైన రాసే బోర్డో పేస్టు కూడా బాగా పడుతుంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, అంతే.

అలాగని బ్యాటరీ రంపం దండగ అనను. మణికట్టు లావు ఎండుకొమ్మలకు, గట్టు మీద చిల్లకంపకు అదే మేలు. చేతి రంపంతో భుజం లాగేసే పని నిమిషాల్లో అయిపోతుంది. ఎంత త్వరగా తెగినా ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాతే పైనుంచి కోయాలి. లేదంటే కొమ్మ బరువుకు బెరడు మొదలు దాకా చీలుతుంది. ఇంకోటి, చేతిలో మిషన్ ఉంటే అవసరం లేని కొమ్మ కూడా తీసేస్తారు. లోపలి కాండానికి మన ఎండ నేరుగా తగిలితే బెరడు పగులుతుంది. అందుకే కూలీలకు ఇచ్చే ముందు తీయాల్సిన కొమ్మలకు సున్నం బొట్టు పెడతాను.

నా మిషన్ పెట్టె మీద 48 వోల్టులని రాశారు. బ్యాటరీలో ఉన్నవి వరుసగా ఐదు సెల్స్. నిండా ఛార్జ్ అయినా ఒక్కోటి 4.2 వోల్టులు, మొత్తం 21. పెట్టె మీది అంకె చూసి డబ్బులు పెట్టకండి. చైన్ ఆయిల్ మనమే పోస్తుండాలి, వేడికి చైన్ వదులైతే బిగించుకోవాలి, పళ్లు మొద్దుబారితే సన్నటి గుండ్రటి ఆకురాయి పట్టాలి. మళ్లీ కొంటే 4 అంగుళాల బార్‌ది కాదు, 6 అంగుళాలది తీసుకుంటా. అదీ చైన్, బ్యాటరీ నెల్లూరులో విడిగా దొరికే మోడలైతేనే.