మెట్ మ్యూజియం స్టోర్: కాగితానికి పూర్తి మార్కులు, పూత నగలకు సగమే

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలోని మెట్రొపాలిటన్ మ్యూజియం స్టోర్‌లో కొన్న సరుకుల్ని ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదీ: పెట్టిన డబ్బుకు తగ్గ విలువ కాగితంలో, పట్టులో ఉంది. నగలు, కప్పులు, బొమ్మల దగ్గరికొచ్చేసరికి చీటీ చదవకుండా బిల్లు వేయించుకోకూడదు. మ్యూజియం ప్రవేశ మందిరమైన గ్రేట్ హాల్ పక్కనున్న పెద్ద స్టోరు వేరు, ప్రత్యేక ప్రదర్శన చివర పెట్టే చిన్న కొట్టు వేరు. చిన్న కొట్టులో ఆ ప్రదర్శన సరుకే దొరుకుతుంది, అయిపోయిందంటే మళ్లీ తెప్పిస్తారన్న నమ్మకం లేదు. నచ్చింది అక్కడే తీసుకుని, మిగతావి పెద్ద స్టోరులో చూసుకోండి. బుధవారం మ్యూజియానికి సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్లొచ్చు, కానీ మూసే ముందు అరగంటలో కాదు. అప్పుడు అందరూ కౌంటరు మీదే పడతారు, పోస్టరు చుట్టేవాళ్లకు తీరిక ఉండదు.

పోస్టరు కొనేముందు అసలు చిత్రం కొలత చూడాలి. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన అల బొమ్మ ‘గ్రేట్ వేవ్’ అసలు ముద్ర 25.7 × 37.9 సెంటీమీటర్లే, అంటే సుమారు 10 × 15 అంగుళాలు. దాన్ని 24 × 36 అంగుళాల పోస్టరుగా సాగదీస్తే గీతలు లావెక్కి చెక్క అచ్చులోని సన్నదనం పోతుంది. ఆ బొమ్మకు చిన్న ప్రింటే అందం. వాన్ గో 1889లో వేసిన సైప్రస్ చెట్ల గోధుమచేను సంగతి వేరు. అసలుది 73.2 × 93.4 సెంటీమీటర్లు, పోస్టరు ఎంత పెద్దదైతే అంత బాగుంటుంది. పైగా దాని పొడవు వెడల్పులు 16 × 20 అంగుళాల రెడీమేడ్ ఫ్రేముకు దాదాపు సరిపోతాయి. ఇది చిన్న విషయం కాదు. కొలత కలవని పోస్టరుకు ప్రత్యేకంగా ఫ్రేము కట్టిస్తే పోస్టరు ధరకు మూడు నాలుగింతలు ఫ్రేముకే అవుతుంది.

ఫ్రేములో పెట్టేటప్పుడు అద్దం కాగితాన్ని తాకకూడదు. మధ్యలో ఆమ్లం లేని మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వేసే దళసరి అట్ట) వేయించి, దాని కిటికీని బొమ్మ కంటే ప్రతి వైపూ పావు అంగుళం తక్కువ కోయించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బంధువులకు పంపే ప్రింట్లకు ఇది మరీ ముఖ్యం. తేమకు కాగితం అద్దానికి అంటుకుంటే ఊడదీసేటప్పుడు రంగు కూడా లేచివస్తుంది. ఎండ తగిలే గోడ మీద పెడితే పసుపు, గులాబీ సిరాలు ముందు వెలుస్తాయి, నీలం మిగులుతుంది. అందుకే ఒకే గోడ మీద గోధుమచేను పాలిపోయినా హొకుసాయ్ అల చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. తప్పు ప్రింటుది కాదు, గోడది.

ట్యూబు సంగతి. 24 × 36 పోస్టరును 24 అంగుళాల పొడవొచ్చేలా చుట్టమని అడగండి. అలా చుట్టినా అది 61 సెంటీమీటర్లు, విమానంలో చేతి సామానుకు మామూలుగా ఇచ్చే 55 సెంటీమీటర్ల కొలత దాటుతుంది. చెక్ ఇన్ పెట్టెలో ఏటవాలుగా పెట్టుకోవాలి. ట్యూబు వ్యాసం 3 అంగుళాలకు తగ్గితే వద్దనండి, సన్నని ట్యూబులో చుట్టిన కాగితం మొండికేస్తుంది. ఇంటికొచ్చాక విప్పి, బొమ్మ కింది వైపుకు వచ్చేలా శుభ్రమైన తెల్లకాగితం మీద పరిచి, పైన మరో కాగితం, ఆపైన బరువైన పుస్తకాలు పెట్టి రెండు మూడు రోజులు వదిలేయాలి. వెనక్కి చుట్టి సరిచేయబోతే అర్ధచంద్రాకారపు మడతలు పడతాయి, అవి ఇక పోవు.

అసలు పోస్టరు కొనాలా అన్నది ఇంకో ప్రశ్న. కాపీరైట్ అడ్డులేని బొమ్మల్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని మెట్ 2017 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. వెబ్‌సైట్ నుంచి దించుకుని మీ ఊళ్లోనే ప్రింటు వేయించుకోవచ్చు. లెక్క మాత్రం చూసుకోండి. పొడవు 4000 పిక్సెళ్లున్న ఫైలు అంగుళానికి 300 చొప్పున 13 అంగుళాలకే సరిపోతుంది, 200 చొప్పున లాగితే 20 అంగుళాల దాకా. అంతకు మించి పెద్దది కావాలంటే స్టోరు పోస్టరే నయం.

పట్టు స్కార్ఫుల్లో అంచు తిప్పి చూడండి. చేత్తో చుట్టి కుట్టిన అంచు గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. మిషను కుట్టు చదునుగా ఉండి, నాలుగు వాడకాలకే మెలితిరుగుతుంది. ముదురు రంగున్న స్కార్ఫు కొత్తలో తెల్ల చొక్కాకు రంగు దించగలదు. తడి తెల్లగుడ్డతో మూలన రుద్దితే ఇంట్లోనే తెలిసిపోతుంది. సెంటు నేరుగా చల్లకూడదు, ఇస్త్రీ వెనక వైపు నుంచే.

పన్ను కిటుకు కూడా స్కార్ఫుల దగ్గరే ఉంది. న్యూయార్క్ నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం, కానీ ఒక్కోటి 110 డాలర్ల లోపు ధర ఉన్న బట్టలకు లేదు. స్కార్ఫు బట్టల కిందికే వస్తుంది, నగ రాదు. 120 డాలర్ల స్కార్ఫుకు మామూలుగా 10.65 పన్ను పడుతుంది. మ్యూజియం సభ్యులకిచ్చే 10 శాతం తగ్గింపుతో ధర 108కి దిగితే పన్నే ఉండదు. అలాగని కొనుగోళ్ల కోసమే సభ్యత్వం తీసుకోవడం దండగ. కట్టిన రుసుము తిరిగి రావాలంటే దానికి పదింతలు కొనాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు విమానాశ్రయంలో పన్ను వాపసు ఇస్తారా అని అడుగుతుంటారు. న్యూయార్క్‌లో ఆ ఏర్పాటు లేదు.

ఇక నగలు. చీటీ మీద ‘గోల్డ్‌టోన్’ అంటే బంగారు రంగు మాత్రమే, మన గిల్టు నగలాంటిదే. ‘వెర్మెయిల్’ అని ఉంటే స్టెర్లింగ్ వెండి మీద కనీసం 2.5 మైక్రాన్ల బంగారు పూత. చెవి కమ్మలు ఏళ్లు నిలుస్తాయి, ఉంగరాల పూత ఒరిపిడికి ముందు పోతుంది, చెమట తగిలే గొలుసు ఆ రెంటికీ మధ్యస్తం. ఏ మ్యూజియంలో కొన్నా పూత గుణం ఇంతే. అసలుదని భ్రమపడకుండా మెట్ నకళ్ల మీద ‘ఎంఎంఏ’ (మెట్రొపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్) ముద్ర వేస్తారు.

‘విలియం’ అని పిలిచే నీలి నీటిగుర్రం ఆ స్టోరుకు గుర్తింపు లాంటిది. ఈజిప్టు నుంచి వచ్చిన అసలు బొమ్మ పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు, దాని కాళ్లలో మూడు తర్వాత అతికించినవి. నకళ్లు చాలా కొలతల్లో ఉంటాయి, కొనేముందు చేత్తో బరువు చూసి, అడుగున నునుపు ఉందో లేదో తడమండి. గరుకుగా ఉంటే కింద ఫెల్ట్ ముక్క అతికించాల్సిందే, లేదంటే చెక్క మీద గీతలు పడతాయి. అంచున బంగారు గీత ఉన్న కప్పును మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి.

ప్రదర్శన పుస్తకాలు అద్భుతం, కానీ మోయలేం. విమానంలో పెట్టెకు 23 కిలోలే అనుకుంటే రెండు పుస్తకాలకే అయిదు కిలోలు పోవచ్చు. ముద్రణలో లేని మెట్ పాత పుస్తకాలు వందల సంఖ్యలో వాళ్ల సైట్లోనే ఉచితంగా చదువుకోవచ్చు. ముందు అక్కడ వెతకండి.

సేవ విషయానికొస్తే, ఏ మ్యూజియం స్టోరులోనైనా కౌంటరు దగ్గర పని సులువు, పార్సిల్లో కష్టం. వస్తువు నంబరు ఫోటో తీసి చూపిస్తే పెద్ద స్టోరులో నిల్వ ఉందో లేదో సిబ్బంది చూసి చెప్పగలరు. ప్రదర్శనకు పెట్టిన ముక్క కాకుండా సీలున్న పెట్టె అడగండి. బహుమతి అయితే ధర కనిపించని గిఫ్ట్ రసీదు అప్పుడే తీసుకోండి, తర్వాత అది రాబట్టడం తలనొప్పి. ఆర్డరు మీద ముద్రించి పంపే ఫ్రేము ప్రింట్లు సాధారణంగా వేరే చోటి నుంచి వస్తాయి, నచ్చకపోతే వాపసు తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. విరిగి వస్తే పెట్టె పారేయకండి. పెట్టె ఆరు వైపులూ, చిరునామా చీటీ, లోపలి దూది, విరిగిన ముక్క విడివిడిగా ఫోటో తీసి అదే రోజు పంపితే కొత్తది రావడానికి వీలుంటుంది. ముక్క ఫోటో ఒక్కటే పంపితే పెట్టెలో ఎలా సర్దారో చూపమంటూ ఉత్తరాలు తిరుగుతూనే ఉంటాయి.