లాగిన్‌కి బీక్రిప్ట్ చాలు, బ్యాకప్‌కి మాత్రం ఆర్గాన్2

తిరుపతిలో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకి, ట్రావెల్స్‌కి, తిలక్ రోడ్డు షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కాస్త పట్టింపు ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: పాస్‌వర్డ్‌లకి బీక్రిప్ట్ మేలా, ఆర్గాన్2 మేలా, ఫ్రేమ్‌వర్క్‌తో పాటు వచ్చే పీబీకేడీఎఫ్2 సరిపోదా? ఇవన్నీ పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని గజిబిజి కోడ్‌గా, అంటే హాష్‌గా మార్చే పద్ధతులు. ఒక్క ముక్కలో తేలదు, ఎందుకంటే పాస్‌వర్డ్‌తో మనం చేసే పనులు రెండు. లాగిన్ అయ్యేది అసలు మనిషేనా అని చూసుకోవడం ఒకటి, ఆ పాస్‌వర్డ్ నుంచే కీ (తాళంచెవి లాంటి రహస్య సంఖ్య) తయారుచేసి, అది లేనివాళ్లు చదవలేకుండా డేటాని ఎన్‌క్రిప్ట్ చేయడం రెండోది. మొదటిదానికి సరిపోయేదల్లా రెండోదానికి సరిపోదు.

ముందు, అసలు లెక్కలోకే రానివాటిని పక్కన పెట్టేద్దాం. ఎండీ5, షా-1, షా-256 అనే మామూలు హాష్‌లు వేగంగా పనిచేయడానికే పుట్టాయి, ఆ వేగమే పాస్‌వర్డ్‌కి చేటు: హాష్‌లు ఎత్తుకెళ్లినవాడు తను ఊహించిన పాస్‌వర్డ్‌లని అంతే వేగంగా హాష్ చేసి పోల్చి చూసుకుంటాడు. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి ఒక్క గ్రాఫిక్స్ కార్డు సెకనుకి రెండు వేల కోట్లకు పైగా షా-256లు లెక్కేస్తుంది, అదే బీక్రిప్ట్‌కి కాస్ట్ (ఎంత శ్రమ పడాలో చెప్పే అంకె) 12 పెడితే దాదాపు వెయ్యిన్నర దగ్గర ఆగిపోతుంది. సాల్ట్, అంటే ఒక్కో పాస్‌వర్డ్‌కి వేరువేరుగా కలిపే యాదృచ్ఛిక అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సాల్ట్ లేకపోతే ఇద్దరు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నప్పుడు ఇద్దరి హాష్ ఒకటే వస్తుంది, ఒకటి దొరికితే రెండూ దొరికినట్టే. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి బయటికొచ్చినవి సాల్ట్ లేని షా-1 హాష్‌లే. బీక్రిప్ట్ లైబ్రరీలు సాల్ట్‌ని అవే వేసుకుంటాయి.

"సామీ, మన లాడ్జిని హ్యాక్ చేసేదానికి ఎవడొస్తాడు?" అంటారు ఓనర్లు. వచ్చేవాడికి లాడ్జి పేరు కూడా తెలియక్కర్లేదు, తాళం లేని సర్వర్ల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాం ఒకటుంటే చాలు. ఆ సర్వర్లో ఉండేవి యాత్రికుల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు, ఎవరెవరు కలిసి వచ్చారన్న వివరాలు. అవి మనల్ని నమ్మి ఇచ్చినవి. పైగా మన ఊళ్లో రిసెప్షన్ పాస్‌వర్డ్‌లు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే: గోవిందా, బాలాజీ, శ్రీనివాస, ఏడుకొండలు, వెనకాల 123 లేదంటే ఈ ఏడాది. దొంగలు అక్షరం అక్షరం ఊహిస్తూ కూర్చోరు, పాత లీకుల జాబితాలు పెట్టుకుని, వాటికి అంకెలు తగిలిస్తూ పోతారు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి, ఆ జాబితాని ఇప్పటికీ వాడుతున్నారు. పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నచోట హాష్ నెమ్మదిగా ఉండటమే మనకి మిగిలే రక్షణ.

ఇక లాగిన్ విషయంలో నా ఓటు బీక్రిప్ట్‌కే. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియర్స్ తెచ్చారు, ఇన్నేళ్లుగా నిలబడింది, పీహెచ్‌పీలో ఒక్క లైనుతో వస్తుంది. ఆర్గాన్2ఐడీ (ఆర్గాన్2లో ఒక రకం) దీనికంటే గట్టిది, అందులో సందేహం లేదు. 2015లో పాస్‌వర్డ్ హాషింగ్ పోటీలో గెలిచింది, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9106 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. బీక్రిప్ట్‌కి 4 కేబీ మెమరీ చాలు, ఆర్గాన్2కి ఎంత కావాలో మనమే చెప్పొచ్చు. ఒక్కో హాష్‌కి 64 ఎంబీ పెడితే 24 జీబీ ఉన్న కార్డులో ఒకేసారి నాలుగు వందలు కూడా పట్టవు, దొంగ కొన్న కార్డు బలమంతా అక్కడే వృథా. కానీ మీ సర్వర్‌ది కూడా అదే పరిస్థితి. ఒక జీబీ ర్యామ్ ఉన్న చౌక హోస్టింగ్‌లో బ్రహ్మోత్సవాల సీజన్‌లో పదిమంది ఒకేసారి లాగిన్ అయితే 640 ఎంబీ దానికే పోతుంది. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ చెప్పే 19 ఎంబీ, రెండు రౌండ్లు (లెక్కని ఎన్నిసార్లు తిప్పాలో) పెట్టుకునే వీలుంటే ఆర్గాన్2ఐడీకే వెళ్లండి, లేకపోతే బీక్రిప్ట్‌తో నిశ్చింతగా ఉండొచ్చు. ఆర్గాన్2 ఎక్కించే వీలు దొరికేదాకా ఆగుదాం అనుకుంటూ ఎండీ5 టేబుల్‌ని అలాగే వదిలేయడం మాత్రం ఘోరం. పాత ఎండీ5 హాష్‌ల మీదే ఈరోజు బీక్రిప్ట్ వేసేయండి, ఆ మనిషి మళ్లీ లాగిన్ అయినప్పుడు నేరుగా కొత్త హాష్ రాసుకోండి.

బీక్రిప్ట్‌లో తెలుగువాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. అది 72 బైట్లకు మించి చదవదు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలు దాచుకునే పద్ధతి) మూడేసి బైట్లు. 'శ్రీనివాస' చూడటానికి నాలుగు అక్షరాలే, కానీ 27 బైట్లు. 'తిరుపతి చిత్తూరు తిరుచానూరు' అని మూడు ఊళ్ల పేర్లు రాసేసరికి 77. ఆ తర్వాత మీరు ఎంత పొడుగు రాసినా కొన్ని లైబ్రరీలు చప్పుడు చేయకుండా కత్తిరించేస్తాయి, కొన్ని ఎర్రర్ ఇస్తాయి. ఆర్గాన్2కి ఈ బాధ లేదు.

పీబీకేడీఎఫ్2ది 2000 నాటి ప్రమాణం. అప్పట్లో కనీసం వెయ్యి రౌండ్లు చాలన్నారు, ఇప్పుడు షా-256తో ఆరు లక్షలు పెట్టమంటోంది ఓవాస్ప్. మెమరీ అడగదు కాబట్టి దొంగల కార్డులకి సులువు. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌లో మామూలుగా వచ్చేది ఇదే, రౌండ్లు తగ్గించకుండా ఉంచితే లాగిన్‌కి పరవాలేదు. 2009లో కాలిన్ పర్సివల్ తెచ్చిన ఎస్‌క్రిప్ట్ అనే ఇంకో పద్ధతిని ఇప్పటికే వాడుతుంటే మార్చక్కర్లేదు.

ఇప్పుడు కీ తయారీ. ఇది మనకి తెలియకుండానే రోజూ జరుగుతోంది: డబ్ల్యూపీఏ2 వైఫై, నెట్‌వర్క్ పేరునే సాల్ట్‌గా తీసుకుని, పాస్‌వర్డ్‌ని పీబీకేడీఎఫ్2లో 4,096 రౌండ్లు తిప్పి 256 బిట్ల కీ చేస్తుంది. ఓనరు సెల్ నంబరే పాస్‌వర్డ్ అయితే 6, 7, 8, 9తో మొదలయ్యేవి మొత్తం 400 కోట్లు, పక్క రూములో కూర్చుని హ్యాండ్‌షేక్ (ఫోన్, రూటర్ కలిసేటప్పుడు మార్చుకునే సందేశాలు) పట్టుకెళ్లినవాడికి ఒక్క మంచి కార్డుతో గంటల్లో పని.

బ్యాకప్‌దీ ఇదే కథ, ఇంకా కష్టం. లాగిన్ హాష్ పాతబడితే రేపు మార్చుకోవచ్చు, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఎవరి చేతికో పోయాక దాన్ని మార్చలేం, వాడు పదేళ్ల తర్వాతి కార్డుతో కూడా ప్రయత్నించొచ్చు. అందుకే ఇక్కడ రాజీ పడకండి, ఆర్గాన్2ఐడీయే. ఆర్‌ఎఫ్‌సీ చెప్పే 64 ఎంబీ, మూడు రౌండ్లు, నాలుగు లేన్లు (పక్కపక్కన ఒకేసారి సాగే లెక్కలు) కనీసం అనుకుని, మీ కంప్యూటర్ రెండు సెకన్లు ఆలోచించేదాకా పెంచండి. బ్యాకప్ తెరిచేది ఎప్పుడో ఒకసారి, ఆ రెండు సెకన్లు ఎవరికీ బరువు కాదు. బీక్రిప్ట్ ఇక్కడ పనికిరాదు: దాన్నుంచి వచ్చేది 23 బైట్లు, డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ఏఈఎస్-256కి కావాల్సింది 32. డేటాబేస్‌లో దాచిన లాగిన్ హాష్‌నే కీగా వాడే కోడ్ కూడా కనిపిస్తుంటుంది, అంటే టేబుల్ ఎత్తుకెళ్లినవాడికి కీ కూడా అందులోనే దొరికినట్టు.

డేటాకి వేరే యాదృచ్ఛిక కీ ఒకటి పుట్టించి, పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీతో ఆ కీనే ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి, పాస్‌వర్డ్ మారినప్పుడు మొత్తం మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసే పని ఉండదు. సాల్ట్, మెమరీ, రౌండ్లు ఫైల్ మొదట్లోనే రాసిపెట్టండి. అవి రహస్యాలు కావు, కానీ అవి లేకపోతే సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఫైల్ తెరుచుకోదు. పాస్‌వర్డ్‌ని మాత్రం ఓనరు చేత కాగితం మీద రాయించి లాకర్లో పెట్టించండి, ఈ ఫైల్‌కి 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' బటన్ ఉండదు.