కాల్ రికార్డింగ్ యాప్‌కి ఏడాది డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మామూలు ఫోన్ కాల్ మాట్లాడుతుండగానే అవతలివాళ్ళ మాట తెలుగులో టైపై తెర మీద కనిపిస్తుందనీ, కాల్ మొత్తం రికార్డవుతుందనీ చెప్పి ఏడాది సబ్‌స్క్రిప్షన్ అమ్మే యాప్‌లు తిరుగుతున్నాయి. ఫోన్ మీద ఆర్డర్లు తీసుకునే చిన్న వ్యాపారాలవాళ్ళనే పట్టుకుంటున్నారు. దయచేసి కట్టకండి. మామూలు ఫోన్‌లో బయటి యాప్ ఏదీ ఆ పని నికరంగా చెయ్యలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత వాళ్ళు అడిగే అనుమతులు ఇంకో ఎత్తు. అసలు భయపడాల్సింది వాటికే.

మాది రాజమండ్రిలో వంటల కాంట్రాక్టు. పెళ్ళయినా, గృహప్రవేశమయినా ఎన్ని విస్తళ్ళు, ఏ పూట ఏం వండాలి అన్నీ ఫోన్లోనే తేలిపోతాయి. బూరెలు మనిషికి రెండు అన్నారా మూడు అన్నారా అని తర్వాత మాట తేడా వస్తే నష్టం మాకే. అందుకని మా మరిది ఈ యాప్ పెట్టించాడు. ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ 9 ఫోన్‌లో ట్రయల్ చూస్తే చక్కగా పనిచేసింది. ఎందుకంటే కాల్ కలవగానే ఆ యాప్ తనంతట తానే స్పీకర్ ఆన్ చేస్తుంది. స్పీకర్‌లోంచి వచ్చిన అవతలి గొంతు మైకులో పడుతుంది, అదే రికార్డు. డబ్బు కట్టాక, గాడిపొయ్యిల దగ్గర గోలలో ఇప్పుడు వాడే కొత్త ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడితే ఫైలు తయారవుతోంది, నిడివి సరిగ్గానే ఉంది, లోపల మాత్రం నిశ్శబ్దం. మా మాట కూడా లేదు.

ఇది యాప్ తయారీలో లోపం కాదు, ఫోనే అలా కట్టి ఉంది. చాలా ఫోన్లలో మామూలు కాల్ తాలూకు గొంతు మోడెమ్ (నెట్‌వర్క్ సిగ్నల్ అందుకునే భాగం) నుంచి నేరుగా ఆడియో చిప్‌కి పోతుంది. యాప్‌లు నడిచే ప్రాసెసర్ వైపుకే రాదు. ఆండ్రాయిడ్‌లో ఆ గొంతును తీసుకునే అనుమతి ఒకటి ఉంది కానీ, అది ఫోన్ కంపెనీ తనే పెట్టిన సిస్టమ్ యాప్‌లకే దక్కుతుంది. ప్లే స్టోర్‌లోంచి వచ్చిన యాప్ అడిగినా ఇవ్వదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఇంకో కట్టడి కూడా ఉంది: కాల్ నడుస్తున్నంతసేపు మామూలు యాప్‌కి మైకు నుంచి నిశ్శబ్దమే అందుతుంది. అదే ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లో మోగే శబ్దాన్ని పట్టుకునే వీలు కొత్తగా ఇచ్చారు గానీ, అది పాటలకీ, వీడియోలకీ, గేములకీ మాత్రమే. అమెరికా నుంచి మనవాళ్ళు చేసే వాట్సాప్ కాల్ కూడా అందులో చిక్కదు. గొంతే అందనప్పుడు ఇక దాన్ని తెలుగులో టైపు చెయ్యడం ఎక్కడిది?

మిగిలిన ఒకే ఒక సందు యాక్సెసిబిలిటీ. చూపు సరిగ్గా లేనివాళ్ళకి తెర చదివి వినిపించడం లాంటి పనుల కోసం పెట్టిన సదుపాయం అది. ఆ అనుమతి ఉన్న యాప్‌కి కాల్ మధ్యలోనూ మైకు అందుతుంది. రికార్డర్లన్నీ ఏళ్ళ తరబడి దాన్ని వాడుకున్నాయి. 2022 మే 11 నుంచి గూగుల్ ఆ దారి మూసేసింది, ప్లే స్టోర్ యాప్‌లు కాల్ రికార్డింగ్ కోసం యాక్సెసిబిలిటీ అడగకూడదని నియమం పెట్టింది.

మరి మా యాప్‌వాళ్ళు ఏం చేశారంటే, ఫిర్యాదు చెయ్యగానే వాట్సాప్‌లో ఒక లింకు పంపారు. "ఈ హెల్పర్ ఏపీకే వేసుకోండి, తర్వాత యాక్సెసిబిలిటీ ఆన్ చెయ్యండి" అన్నారు. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటినుంచి వేసుకున్న యాప్‌కి ఆ అనుమతి ఇవ్వబోతే ఫోనే అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఎలా తీసెయ్యాలో చూపించే వీడియో కూడా పంపారు. అక్కడే ఆపేశాం. యాక్సెసిబిలిటీ చేతికొచ్చిన యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లు అడిగేదీ సరిగ్గా ఇదే. యూపీఐ ఉన్న ఫోన్‌లో, వ్యాపారం డబ్బంతా తిరిగే ఫోన్‌లో, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఏపీకేకి ఆ తాళం ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసినవాళ్ళు ఇప్పుడే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసెయ్యండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఐఫోన్‌వాళ్ళ సంగతీ ఇంతే. అక్కడ బయటి యాప్‌కి కాల్ గొంతు ఇచ్చే దారే లేదు. అందుకని అవి మీ కాల్‌ని తమ నంబరుతో కలిపి ముగ్గురి కాల్ చేసి, తమ సర్వర్‌లో రికార్డు చేస్తాయి. ఆ నంబరు విదేశానిదైతే ఐఎస్‌డీ చార్జీ మీదే. మీ మాటలు ఉండేది వాళ్ళ దగ్గర. 2021లో అలాంటి ఒక యాప్‌లో లోపాన్ని మన దేశపు సెక్యూరిటీ పరిశోధకుడు ఆనంద్ ప్రకాశ్ బయటపెట్టారు. ఫోన్ నంబరు తెలిస్తే చాలు, ఎవరి రికార్డింగులు ఎవరైనా వినగలిగేలా ఉంది. అప్పటికి ఆ సర్వర్‌లో లక్షా 30 వేలకు పైగా రికార్డింగులున్నాయి. నిజంగా అవసరమైతే 2024 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 18.1 నుంచి ఆపిల్ తనే రికార్డింగ్ ఇచ్చింది. ఇద్దరికీ వినపడేలా చెప్పి మొదలవుతుంది, నోట్స్‌లో దాచుకుంటుంది.

డబ్బు సంగతి. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో కట్టినవాళ్ళు కొన్న 48 గంటల్లోపు అక్కడే రీఫండ్ అడగండి. మా దగ్గర మాత్రం తమ సొంత లింకులో యూపీఐ ఆటోపేతో (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్టయ్యే ఏర్పాటు) కట్టించుకున్నారు, కాబట్టి ప్లే స్టోర్‌కి సంబంధం లేదన్నారు. ఆటోపే ఒకసారి ఒప్పుకుంటే 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అడగకుండానే తీసుకోవచ్చు. మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్ళి మీరే రద్దు చెయ్యాలి. డబ్బు తీసే ముందు రోజు మెసేజ్ వస్తుంది, దాన్ని చూడకుండా తుడిచెయ్యకండి. రద్దు దారి దాచిపెట్టి సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు నాటి మార్గదర్శకాల్లో అక్రమ పద్ధతిగా పేర్కొంది. ఆ మాట పట్టుకునే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. మీరూ పెట్టండి, ఎంతమంది పెడితే అంత బలం.

ప్రస్తుతం ఆర్డర్లకి ఫోన్‌తోపాటే వచ్చిన డయలర్‌లోని (కాల్స్ చేసుకునే యాప్) రికార్డింగే వాడుతున్నాం. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో రికార్డవుతోందని అవతలివాళ్ళకీ వినపడుతుంది. చాలామందికి అది ఇబ్బందే గానీ, నాకు మాత్రం అదే మర్యాద అనిపిస్తుంది. మేమూ ముందే "ఆర్డరు రాసుకోడానికి రికార్డు చేస్తున్నామండీ" అని చెప్తున్నాం, ఒక్కరూ కాదనలేదు. కాల్ అయ్యాక విస్తళ్ళ లెక్కా, వంటల జాబితా వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకుంటున్నాం. రోజూ వందల కాల్స్ వచ్చే పెద్ద వ్యాపారమైతే క్లౌడ్ టెలిఫోనీ నంబరు (ఇంటర్నెట్ సర్వర్ మీద కాల్స్ నడిపే కంపెనీలు ఇచ్చేది) తీసుకోండి. కాల్ ఆ కంపెనీ సర్వర్ గుండానే వెళ్తుంది కాబట్టి అక్కడ రికార్డింగ్ నిజంగానే సాధ్యం.

ఇంత చెప్పినా ఏదైనా యాప్ చూడాలనిపిస్తే ట్రయల్‌లోనే ఇది చెయ్యండి. స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి పెట్టుకుని, ఇంకో ఊళ్ళో ఉన్నవాళ్ళతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదివించండి. రికార్డింగులో ఆ అంకెలు వినపడకపోయినా, మధ్యలో యాక్సెసిబిలిటీ అడిగినా ఆ రోజే ఆటోపే రద్దు చేసి యాప్ తీసెయ్యండి.