మూడు ప్రింట్లు తెప్పించాం, రెండే ఉంచుకున్నాం

సెట్ పేరు ‘లవ్, సమ్మర్, ప్రైడ్’. స్వలింగ ప్రేమికుల ‘ప్రైడ్’ వేడుకలు జరిగే జూన్ నెల కోసమని అమెరికాలో ఒక ఆన్‌లైన్ షాపువాళ్లు మూడు మోడరన్ ఆర్ట్ ప్రింట్లు కలిపి 240 డాలర్లకు అమ్ముతున్నారు. ఫిలడెల్ఫియాలో మా పెద్దమ్మాయీ, ఆమె భార్యా కొత్తగా తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో హాలు గోడ బోసిగా ఉంటే, గృహప్రవేశం కానుకగా నేనే డబ్బు కట్టి తెప్పించాను. షాపు పేరు రాయను. అదే బొమ్మలు చాలామంది అమ్ముతున్నారు కాబట్టి, ఎవరి దగ్గర కొన్నా ఏం చూసుకోవాలో చెబితే చాలు.

విజయవాడలో స్క్రీన్ ప్రింటింగ్ ప్రెస్ నడిపినవాణ్ని. శుభలేఖలు, స్టిక్కర్లు, గుడ్డ సంచులు, ఎన్నికలొస్తే పార్టీ జెండాలు. ఇప్పుడు ప్రెస్సు తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు గానీ, జేబులో లెన్సు మాత్రం నా దగ్గరే ఉంది. ఏ కాగితం కనబడినా లెన్సు పెట్టి చూడకపోతే నాకు తోచదు.

ముందు ‘లవ్’. అమెరికా చిత్రకారుడు రాబర్ట్ ఇండియానా వేసిన నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు. పైన రెండు, కింద రెండు, ఓ మాత్రం పక్కకి ఒరిగి ఉంటుంది. 1965లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ క్రిస్మస్ కార్డు కోసం అడిగితే ఇచ్చిన డిజైన్ ఇది. అంటే పుట్టుకతోనే అచ్చు కోసం పుట్టిన బొమ్మ. 1967లో సిల్క్‌స్క్రీన్‌గా వచ్చింది, 1973లో ఎనిమిది సెంట్ల తపాలా బిళ్లగా కోట్లలో అచ్చయింది. కాపీరైట్ పక్కాగా చేయించుకోకపోవడంతో ఊరూవాడా దాన్ని కాపీ కొట్టి కప్పుల మీదా, పేపర్‌వెయిట్ల మీదా అమ్ముకున్నారు. ఆయనకు పేరొచ్చింది, డబ్బు రాలేదు. డిజైన్ చేసిపెట్టి బిల్లు రాబట్టుకోలేని వాళ్లను మా వీధిలోనే బోలెడుమందిని చూశాను.

ఈ ప్రింటు నిజంగా స్క్రీన్ మీద వేసిందే. వేలితో తడిమితే ఇంకు మందం తెలుస్తుంది. ఎరుపూ నీలం కలిసేచోట లెన్సు పెడితే సన్నటి ముదురు అంచు కనబడింది. ఒక రంగు మీదికి ఇంకో రంగును వెంట్రుకవాసి ఎక్కించారన్నమాట. అలా ఎక్కించకపోతే కాగితం కాస్త జరిగినా మధ్యలో తెల్ల గీత పడుతుంది. కొత్త కుర్రాళ్లు దాన్ని తప్పనుకుంటారు, కానీ అదే పనితనం. మూడు రంగుల్లో ఎక్కడా రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు పక్కన ఇంకోటి సరిగ్గా కూర్చోవడం, తప్పలేదు. నా ప్రెస్సులో వేసుంటే అలాంటి షీటు కస్టమర్‌కు చూపించడానికి పైన పెట్టుకునేవాణ్ని.

రంగుల సంగతి ఒకటి చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ తన నాన్న పనిచేసిన ఫిలిప్స్ 66 పెట్రోలు కంపెనీ బోర్డు రంగులనీ, నీలం ఆ బోర్డు వెనకాల కనబడే ఇండియానా రాష్ట్రపు ఆకాశమనీ ఆయనే చెప్పాడు. ఫిలడెల్ఫియా నడిబొడ్డున, లవ్ పార్కులో ఇదే బొమ్మ లోహపు శిల్పంగా ఉంది. 1976లో పెట్టారు. అయితే అక్కడ నీలం లేదు, ఊదా ఉంది. 2018లో బాగుచేసినప్పుడు, మధ్యలో ఎవరో వేసిన నీలం తీసేసి మొదటి ఊదానే మళ్లీ వేశారట. ఇంట్లో ప్రింటు చూసి పార్కుకు వెళ్లినవాళ్లు రంగు తేడా అంటే కంగారుపడక్కర్లేదు.

‘సమ్మర్’ దగ్గరే గొడవ. ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ వేసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’. 1967లో కాలిఫోర్నియాలో వేశాడు, అసలుది లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. ఎండ, గులాబీ రంగు ఇల్లు, రెండు తాటిచెట్ల లాంటివి, నీలం ఈతకొలను, డైవింగ్ బోర్డు, ఇప్పుడే ఎవరో దూకిన నీళ్లు. దూకిన మనిషి మాత్రం కనబడడు. గోడా ఆకాశమూ రోలర్‌తో చదునుగా లాగి, ఆ నీళ్ల చిమ్ముడు ఒక్కటీ సన్న కుంచెలతో దాదాపు రెండు వారాలు వేశాడు. రెండు క్షణాల్లో అయిపోయేదానికి రెండు వారాలు! ఇంగ్లండ్‌లో ఇరవై ఒక్కేళ్లు నిండిన ఇద్దరు మగవాళ్లు ఏకాంతంలో కలిసుంటే నేరం కాదని చట్టం మార్చింది కూడా ఆ ఏడే. హాక్నీ అప్పటికే తనెవరో దాచుకోకుండా బొమ్మలు వేస్తున్నాడు. మన దగ్గర ఆ మాట సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది.

ఇంత మంచి బొమ్మను షాపువాళ్లు చుట్టూ కత్తిరించారు. అసలు పెయింటింగులో బొమ్మ చుట్టూ రంగు వేయని కాన్వాసు వెడల్పుగా అంచులా ఉంటుంది. ఆ ఖాళీ ఉంటేనే ఎండ కళ్లకు కొట్టినట్టుంటుంది. వీళ్లది అంచుల దాకా నీలమే. పైగా అసలుది దాదాపు చదరం. దాన్ని నిలువు ఫ్రేములో ఇరికించడానికి ఒక పక్క డైవింగ్ బోర్డు మూల కూడా తెగ్గొట్టారు. లెన్సు పెడితే చుక్కలు చుక్కలు, మామూలు డిజిటల్ ప్రింటు. డిజిటల్ అని నాకు చిన్నచూపేం లేదు, కానీ ‘మ్యూజియం క్వాలిటీ’ అని రాసినప్పుడు ఆ కొలను నీలం మసకబారకూడదు కదా. చిమ్మిన నీళ్లు కూడా ముద్దగా, సున్నం చల్లినట్టు ఉన్నాయి. కాన్వాసు మీద కుంచెతో వేసింది అచ్చులో ఎంతో కొంత పోతుంది, అందులో షాపు తప్పు లేదు. అంచు కొయ్యడం మాత్రం ముమ్మాటికీ వాళ్ల తప్పే.

ఇక ‘ప్రైడ్’. గిల్బర్ట్ బేకర్ 1978 జూన్ 25న శాన్‌ఫ్రాన్సిస్కో స్వలింగ ప్రేమికుల ఊరేగింపు కోసం తయారుచేసిన ఇంద్రధనుస్సు జెండా, మొదటి ఎనిమిది చారలతో. ఇప్పుడు అందరూ చూసేది ఆరు చారలది. వలంటీర్లు మస్లిన్ గుడ్డకు చేత్తో రంగులద్ది కుట్టారు. తర్వాత జెండాలు ఎక్కువ కావాల్సి వచ్చేసరికి ముదురు గులాబీ రంగు గుడ్డ దొరక్క ఆ చార పోయింది. మరుసటి ఏడు లేతనీలం చార కూడా తీసేశారు, వీధికి రెండు వైపులా సమానంగా కట్టడానికి సరిసంఖ్య కావాలని. ఇది చదివి నాకు భలే నవ్వొచ్చింది. మాఘమాసం ముహూర్తాల్లో స్టాకు అయిపోయి, ఉన్న రంగు కార్డుతోనే సరిపెట్టిన శుభలేఖలు ఎన్నో! ఉన్న సరుకును బట్టే డిజైన్ మారుతుందని మా వృత్తిలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ ప్రింటులో ఎనిమిది రంగులూ విడివిడి స్క్రీన్‌లతో వేశారు. అందుకే గులాబీకి ఆ తళుకు. నాలుగు రంగుల చుక్కల్లో కలిపితే ఆ గులాబీ రాదు, చచ్చినా రాదు. ఊదా చారలో ఒకచోట స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) ఆగిన జాడ సన్నగా ఉంది. కోడలు, అంటే అమ్మాయి భార్య, అది చూసి మార్పిద్దామంది. వద్దన్నాను. వీడియో కాల్‌లో మా బావమరిది “అది ఏ దేశం జెండా బావా?” అని అడిగాడు. “మీ మేనకోడలి ఇంటి జెండా” అన్నాను. కాసేపు ఆగి, “రంగులు బాగా పడ్డాయి” అన్నాడు. వాడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు లెండి.

హాక్నీని వెనక్కి పంపాం. వారం లోపే దాని వంతు డబ్బులు తిరిగిచ్చారు, కొరియర్ ఖర్చు మాత్రం మన మీదే వేశారు. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: స్క్రీనా, డిజిటలా; అంచు కత్తిరించారా; డిజిటల్ అయితే పిగ్మెంట్ ఇంకేనా (త్వరగా వెలవని రకం). పిగ్మెంట్ కాకపోతే కిటికీ ఎండకు ముందు ఎరుపూ పసుపూ వెలిసిపోతాయి. ఫ్రేములకు ప్రింట్లకంటే ఎక్కువైంది. అందులో ఎండకు రంగు వెలవకుండా కాపాడే యూవీ అద్దానికే సగం పోయింది, అయినా దండగ కాదు. మూడో మేకు ఇంకా ఖాళీ. పెన్సిల్వేనియావాడే కదా, చిత్రకారుడు కీత్ హేరింగ్‌ది పెడదామని అమ్మాయి అంటోంది. లావు గీతలు, చదును రంగులు, స్క్రీన్ మీద చక్కగా పడతాయి. నాకు అభ్యంతరం లేదు, కాకపోతే ఈసారి ఆర్డరు పెట్టేముందు లెన్సు పెట్టి తీసిన ఫొటో పంపమని అడుగుతాను.