టామ్‌క్యాట్‌ను ఎవరు లేపాలి: ఇనిట్ స్క్రిప్టా, సిస్టమ్‌డీనా?

గరుడసేవ రోజు తిరుపతిలో ఖాళీ గది దొరకడం కష్టం. సరిగ్గా ఆ సాయంత్రమే, బస్టాండు దగ్గర నేను సర్వర్ చూసుకునే ఒక లాడ్జిలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు లాగి ఆగిపోయింది. కరెంటొచ్చాక సర్వర్ లేచింది కానీ బుకింగ్ పేజీ రాలేదు. ఆ పేజీని నడిపే జావా సర్వర్ ప్రోగ్రామ్ టామ్‌క్యాట్ లేవలేదు. "అన్నా, కౌంటర్ నిండా జనమున్నారన్నా, ఎవరికి ఏ గదో తెలీడం లేదు" అని రిసెప్షన్ పిల్లాడు ఫోన్ చేశాడు.

తప్పు నేను రాసిన ఇనిట్ స్క్రిప్టుదే, అంటే లినక్స్ బూట్ అయ్యేటప్పుడు సర్వీసును లేపే షెల్ స్క్రిప్టుది. టామ్‌క్యాట్ తన ప్రాసెస్ నంబరును ఒక పిడ్ ఫైల్లో రాసుకునేలా పెట్టాను. ఆ ఫైలు డిస్కు మీదే ఉంది కాబట్టి, కరెంటు పోయినా అలాగే మిగిలిపోయింది. బూట్ అయ్యాక అదే నంబరు ఇంకో ప్రాసెస్‌కు వచ్చింది. నంబరు బతికే ఉంది కదా, టామ్‌క్యాట్ నడుస్తూనే ఉందనుకుని స్క్రిప్టు ఆగిపోయింది. ప్రతి బూట్‌లోనూ ప్రాసెస్‌లు ఇంచుమించు అదే వరసలో లేస్తాయి. అందుకే నంబర్లు ఇలా కలుస్తుంటాయి.

బూట్ కాగానే ఒక కమాండ్ నడపడానికి క్రాన్‌ట్యాబ్‌లో రీబూట్ లైను, ఆర్‌సీ లోకల్ ఫైలు ఇంకా సులువే. కానీ లేపడంతో వాటి పని అయిపోతుంది. అర్ధరాత్రి జావా కూలిపోతే పట్టించుకునే దిక్కుండదు. కస్టమర్ డబ్బుతో ముడిపడిన దేన్నీ వాటికి వదలను.

లినక్స్‌లో సర్వీసులను లేపి, వాటిని కనిపెట్టుకుని ఉండే సిస్టమ్‌డి 2010లో వచ్చింది. రెడ్ హ్యాట్ 7 నుంచి, డెబియన్ 8 నుంచి అదే డిఫాల్ట్. వందలైన్ల షెల్ స్క్రిప్టు చేసే పనికి దీంట్లో పదిహేను లైన్ల యూనిట్ ఫైలు (సర్వీసును ఎలా నడపాలో చెప్పే సెట్టింగుల ఫైలు) చాలు. నన్ను గెలిచింది మాత్రం లైన్ల లెక్క కాదు. సర్వీసు పుట్టించిన ప్రాసెస్‌లన్నిటినీ కెర్నల్ సాయంతో సీగ్రూప్ అనే ఒకే గుంపులో కట్టి పెట్టుకుంటుంది. టామ్‌క్యాట్‌ను స్టార్టప్ స్క్రిప్టుతో కాకుండా 'కటాలినా రన్' అని బ్యాక్‌గ్రౌండ్‌కు పంపకుండా ఫోర్‌గ్రౌండ్‌లోనే నడిపిస్తే, పిడ్ ఫైలుతో అవసరమే లేదు. యూనిట్‌లో టైప్ 'సింపుల్' అని పెడితే సరి.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. సర్వీసును ఆపినప్పుడు జావా 143 అనే కోడ్‌తో బయటికొస్తుంది, అంటే 128కి, ఆగమని చెప్పే టర్మ్ సిగ్నల్ నంబరు 15 కలిపిన లెక్క. అది కూడా సక్సెసేనని యూనిట్‌లో రాయకపోతే, మనమే ఆపిన సర్వీసు 'ఫెయిల్డ్' అని కనిపించి టెన్షన్ పెడుతుంది. ఇక రీస్టార్ట్ 'ఆన్ ఫెయిల్యూర్' అని రాసి ఊరుకుంటే, రెండు ప్రయత్నాల మధ్య గ్యాప్ 100 మిల్లీసెకన్లే. 10 సెకన్లలో 5 సార్లు లేపి చూశాక సిస్టమ్‌డి ఇక వదిలేస్తుంది. గ్యాప్ 5 సెకన్లు పెట్టండి, అప్పుడు ఆ లెక్కకు చిక్కదు.

సిస్టమ్‌డి లేని పాత సెంట్‌ఓఎస్ 6 మెషీన్ చేతిలో ఉంటే మాత్రం ఇనిట్ స్క్రిప్టే గతి. అప్పుడు నంబరు బతికుందా అని చూస్తే చాలదు, అది జావాదేనా అని కూడా స్క్రిప్టు చూడాలి.

ఏది రాసినా పండగ రద్దీకి ముందే ఒకసారి రీబూట్ చేసి చూడండి. సిస్టమ్‌డి అయితే జావా ప్రాసెస్‌ను 'కిల్ మైనస్ నైన్'తో చంపి, మళ్లీ లేస్తుందో లేదో కూడా చూడండి. మామూలు కిల్ ఇస్తే అదే 143 వస్తుంది, దాన్ని సక్సెస్‌గా లెక్కేసుకుని మళ్లీ లేపదు.