యుద్ధ ఖర్చుల బిల్లు మీద ఓటు: ఔననడం, కాదనడం, తప్పుకోవడం – ఏది మేలు?

యుద్ధ సమయంలో ఖర్చుల బిల్లు సభకు వస్తే సభ్యుడికి మూడు దారులే కనిపిస్తాయి. ఔనని ఓటేయడం, కాదని వేయడం, రెండింటికీ దూరంగా ఉండడం. నాలుగో దారి కూడా ఉంది. తుది ఓటింగుకు ముందే, ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేస్తారు, దేనికి ఖర్చు పెడతారు అన్న దాని మీద సవరణ పెట్టి, పేర్లు నమోదయ్యేలా ఓటింగు జరిపించడం. మా లెక్కలో అన్నింటికన్నా పనికొచ్చేది అదే. మిగతా మూడూ ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ బెడిసికొట్టాయో చూస్తే కారణం తెలుస్తుంది.

ఔననడానికి పెద్ద ఉదాహరణ జర్మనీ. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, 1914 ఆగస్టు 4న జర్మన్ పార్లమెంటు రైఖ్‌స్టాగ్ ముందుకు 500 కోట్ల మార్కుల యుద్ధ రుణం వచ్చింది. సోషల్ డెమొక్రాట్లు 110 మంది, సభలో అతి పెద్ద పక్షం వాళ్లదే. ముందు రోజు పార్టీ లోపలి సమావేశంలో 78 మంది ఇద్దామన్నారు, 14 మంది వద్దన్నారు. వద్దన్న వాళ్లలో పార్టీ అధ్యక్షుల్లో ఒకరైన హ్యూగో హాసె ఉన్నారు. అయినా మర్నాడు సభలో పార్టీ తరఫున మద్దతు ప్రకటన చదవాల్సిన పని ఆయన మీదే పడింది. ఇది ఆక్రమణ యుద్ధంగా మారితే ఒప్పుకోమని ఆ ప్రకటనలో ఉంది. బిల్లులో మాత్రం ఆ ముక్క లేదు. షరతు ఉపన్యాసంలోనే మిగిలింది, డబ్బు ఖజానాకు చేరింది. డిసెంబరులో మరో 500 కోట్లు అడిగారు, మార్చిలో 1000 కోట్లు. ఒకసారి ఔనన్నాక రెండోసారి కాదనడానికి కొత్త కారణం చూపించాలి. ‘సైనికులు సరిహద్దులో ఉండగా ఇప్పుడెలా ఆపుతారు?’ అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. షరతు చెప్పి ఔననేవాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు ఇదే.

కాదనడం ఎలా ఉంటుందో కూడా అదే సభలో చూడొచ్చు. అక్కడ అనుకూలురు లేచి నిలబడేవారు, వ్యతిరేకులు కూర్చునే ఉండేవారు. 1914 డిసెంబరు 2న సభంతా లేచి నిలబడితే సోషల్ డెమొక్రాట్ కార్ల్ లీబ్‌క్నెక్ట్ ఒక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆగస్టులో పార్టీ క్రమశిక్షణకు కట్టుబడి ఆయన కూడా లేచినవాడే. వ్యతిరేకత తెలిసిన మరో సభ్యుడు ఓటింగుకు ముందే బయటికి వెళ్లిపోయాడు. లీబ్‌క్నెక్ట్ తన కారణాలను రాసి ఇస్తే సభాధ్యక్షుడు వాటిని రికార్డులోకి ఎక్కించనివ్వలేదు. అవి బయట రహస్య కరపత్రంగా తిరిగాయి. లెక్క ప్రకారం చూస్తే ఆ ఓటు సున్నా. బిల్లు ఆగలేదు, రూపాయి తగ్గలేదు. అయితే 1915 డిసెంబరు వచ్చేసరికి అదే పార్టీలోంచి 20 మంది వ్యతిరేకంగా వేశారు, మరో 22 మంది సభ వదిలి వెళ్లారు. మొదటి వ్యతిరేకత నమోదు కాకుంటే రెండోది రావడం కష్టం. దానికి ఆయన చెల్లించిన మూల్యం మాత్రం తక్కువేమీ కాదు: 1915లో సైన్యంలోకి పిలిపించారు, 1916 మే డే నాడు అరెస్టు చేశారు.

తప్పుకోవడాన్ని చాలామంది పిరికితనం అనుకుంటారు. అన్నివేళలా కాదు. అది బలాబలాల మీద ఆధారపడి ఉంటుంది. 1940 నవంబరులో ఢిల్లీ కేంద్ర శాసనసభలో బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు (ఆర్థిక మంత్రి లాంటి పదవి) జెరెమీ రైస్‌మన్ యుద్ధ ఖర్చుల కోసం అనుబంధ ఫైనాన్స్ బిల్లు పెట్టారు. ఆదాయపు పన్ను మీద 25 శాతం సర్‌చార్జి, అణా కవరు అణా పావు. అప్పటివరకు సభను బహిష్కరించిన కాంగ్రెస్ సభ్యులు ఈ బిల్లును ఓడించడానికే తిరిగొచ్చారు. ఇది భారతదేశం తనదనుకున్న యుద్ధం కానప్పుడు దానికి డబ్బు అడగొద్దని భూలాభాయ్ దేశాయ్ వాదించారు. ముస్లిం లీగ్ ఏ పక్షానా వేయలేదు. ఫలితం 55–53, బిల్లు ఓడింది. లీగ్ ప్రభుత్వం వైపు మొగ్గితే బిల్లు నెగ్గేదే. అంటే అక్కడ తటస్థతే తీర్పు చెప్పింది. ఆ తర్వాత గవర్నర్ జనరల్ తన ప్రత్యేకాధికారంతో ఆ బిల్లును ధ్రువీకరించి అమల్లోకి తెచ్చారు. కవరు మీద ఆ మూడు పైలు (పావు అణా) జనం కట్టారు. సభ ఓటుకు చివరి మాట లేని చోట ఏ ఓటైనా సాక్ష్యంగానే మిగులుతుంది. అలాంటప్పుడు తటస్థుడు చెప్పిన సాక్ష్యం ఏమిటన్నది ఎవరికీ అంతుపట్టదు. బలాబలాలు ఒకటి రెండు ఓట్ల తేడాలో ఉన్నప్పుడు, కారణం ముందే సభలో చెప్పినప్పుడు మాత్రమే తప్పుకోవడానికి విలువ ఉంటుంది. మిగతా సందర్భాల్లో అది మూగ ఓటు.

నాలుగో దారికి 2003 నాటి అమెరికా మంచి ఉదాహరణ, మంచి హెచ్చరిక కూడా. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల కోసం అధ్యక్షుడు బుష్ 8700 కోట్ల డాలర్లు అడిగారు. అప్పు చేసి కాకుండా, ధనికులకు ఇచ్చిన పన్ను తగ్గింపును వెనక్కి తీసుకుని ఆ ఖర్చు భరించాలని సెనేటర్లు బైడెన్, కెర్రీ సవరణ పెట్టారు. సెనేట్ దాన్ని 57–42తో పక్కన పెట్టింది. ఇరాక్ పునర్నిర్మాణ సాయంలో కొంత భాగాన్ని గ్రాంటుగా కాక అప్పుగా ఇవ్వాలన్న మరో సవరణ 51–47తో నెగ్గింది. అయితే రెండు సభల ఉమ్మడి కమిటీలో దాన్ని తీసేశారు. అక్టోబరు 17న సెనేట్ బిల్లును 87–12తో ఆమోదించింది. కెర్రీ వ్యతిరేకించారు. నవంబరు 3న తుది రూపం మూజువాణి ఓటుతో గడిచిపోయింది. కొద్దిమందే సభలో ఉన్నారు, సెనేటర్ రాబర్ట్ బర్డ్ ‘నో’ అని గట్టిగా అరిచారు, మిగతావాళ్లు ఎటు ఉన్నారో రికార్డులో లేదు. మాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. కాదన్న 12 మందిని తప్పుపట్టొచ్చు, ఔనన్న 87 మందిని తప్పుపట్టొచ్చు. తుది రూపానికి మాత్రం అడగడానికి ఒక్క పేరూ లేదు.

కెర్రీకి జరిగిన నష్టం వేరు. సవరణతో కూడిన బిల్లుకు ఔనని, సవరణ లేని బిల్లుకు కాదనడంలో తర్కం ఉంది. దాన్ని ఆయన 2004లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ ‘వ్యతిరేకంగా వేసే ముందు అనుకూలంగానే వేశాను’ అని ఒక్క వాక్యంలో చెప్పారు. ఎన్నికలంతా ఆ వాక్యమే ఆయన్ను వెంటాడింది. సవరణ దారిలో వెళ్లేవాళ్లు ముందు డబ్బు మూలం చెప్పాలి, తర్వాతే తమ ఓటు చెప్పాలి.

మన పార్లమెంటుకు వచ్చేసరికి ఈ దారికి సమయం ముఖ్యం. ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు దశకు వచ్చాక మొత్తాన్ని గానీ, అది పోయే చోటును గానీ మార్చే సవరణకు 114వ అధికరణం ఒప్పుకోదు. చాలామంది కొత్త సభ్యులు అక్కడే ఆలస్యమవుతారు. అంతకు ముందు, శాఖలవారీగా ఖర్చు అడిగే పద్దుల దశలోనే కోత తీర్మానం ఇవ్వాలి. విధానాన్నే కాదనాలంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని, ఒక ప్రత్యేక ఫిర్యాదు చెప్పాలంటే 100 రూపాయలు తగ్గించాలని. గడువు ముగిసి మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఓటుకు పెట్టే ‘గిలటిన్’ పడితే చర్చే లేకుండా పద్దులు పాసవుతాయి కాబట్టి, రక్షణ పద్దును చర్చకు తెచ్చుకోవడం మీదే ముందుగా పట్టుబట్టాలి. ఫైనాన్స్ బిల్లులో పన్ను తగ్గించమనే సవరణకు రాష్ట్రపతి సిఫారసు అక్కర్లేదు, పెంచమంటే కావాలి. అందుకే ‘అప్పు వద్దు, ధనికుల మీద పన్ను వేయండి’ అనే సవరణ ఇక్కడ ప్రతిపక్షానికి దాదాపు కుదరదు. ఖర్చు వివరాలు చెప్పలేని అత్యవసర సమయానికి 116వ అధికరణం కింద ఓట్ ఆఫ్ క్రెడిట్ ఉంది. అది వివరం లేని డబ్బు కాబట్టి, దాని మీద పేర్ల నమోదు మరింత అవసరం.

పార్టీ విప్ ఉంటే మరో చిక్కు. పదో షెడ్యూలు ప్రకారం విప్‌కు వ్యతిరేకంగా వేసినా, అనుమతి లేకుండా ఓటుకు దూరంగా ఉన్నా అనర్హత వేటు ఒకటే. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తేనే గట్టెక్కుతారు. కాబట్టి అధికార పక్ష సభ్యుడికి తప్పుకోవడం సురక్షితమైన దారి అన్నది అపోహ. వాదన ఏదున్నా పార్టీ సమావేశంలో, స్థాయీ సంఘంలో ముందే చెప్పుకోవాలి.

ఇక ఓటు దగ్గర జరిగే పొరపాటు. స్పీకర్ మూజువాణి ఓటు ఫలితం చెప్పగానే ‘డివిజన్’ అని, అంటే పేర్లు నమోదయ్యే ఓటింగు కావాలని అడగాలి. లాబీలు ఖాళీ చేయమంటారు, మూడున్నర నిమిషాల తర్వాత ప్రశ్న మళ్లీ సభ ముందు పెడతారు. అప్పుడు రెండోసారి కూడా అభ్యంతరం చెప్పాలి. మొదటిసారి అరిచి రెండోసారి ఊరుకుంటే డివిజన్ పోయినట్టే. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ భావిస్తే సభ్యుల్ని లేచి నిలబడమని తలలు లెక్కపెట్టిస్తారు. ఆ లెక్కలో పేర్లు రాయరు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1971 నవంబరు 15 నుంచి కవరు మీద 5 పైసల సహాయ స్టాంపు అదనంగా అంటించిన తరం ఇంకా ఉంది. యుద్ధాల బరువు అలా ఐదేసి పైసలుగా ఇంటింటికీ వస్తుంది. ఆ బరువును ఎవరు ఒప్పుకున్నారో జనానికి తెలియాలంటే, ఆ రెండో ‘డివిజన్’ కేక వినబడాలి.